రెండు మంచాల మధ్య వీడియో గేమ్

2022. పలాసలో మా డయాలసిస్ యూనిట్. నేను అక్కడ నర్సుని. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలపాటు మెషీన్ రోగి రక్తాన్ని శుభ్రం చేస్తుంది. ఆపరేషన్ చేసి చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటుని ఫిస్టులా అంటాం. సూదులు ఆ చేతికే గుచ్చుతాం. అంతసేపూ ఆ చెయ్యి కదలకూడదు.

మందస దగ్గర జీడితోట రైతు లోకనాథం గారు నాకు పెద్ద తలనొప్పి. వారంలో ఒకసారైనా ఎగ్గొట్టేవారు. ఎగ్గొడితే ఒంట్లో నీరు చేరి ప్రాణం మీదికొస్తుంది. తిట్టాను, బతిమాలాను.

"ఒచ్చి ఏటి సెయ్యాల సిస్టరూ? నాలుగ్గంటలు ఫేను సూడ్డానికా?" అనేవారు.

పక్క మంచం ధర్మారావు గారిది. సోంపేటలో టీవీ మెకానిక్. ఒకరోజు అటక మీది పాత వీడియో గేమ్ తెచ్చి వార్డు టీవీకి తగిలించారు. కింద మన చిన్న విమానం, పైనుంచి వరసలుగా శత్రు విమానాలు. నడపడానికి ఒక చెయ్యి, పేల్చడానికి ఒక చెయ్యి కావాలి. లోకనాథం గారికి సూదులు కుడిచేతికి, ధర్మారావు గారికి ఎడమచేతికి.

"మావా, ఇమానం నువ్వు నడుపు. గుండ్లు నానొదుల్తాను" అన్నారు ధర్మారావు గారు. మంచాల మధ్య స్టూలు మీద రిమోట్ పెట్టుకుని ఇద్దరూ కలిసి ఒక్క ఆట ఆడారు.

వచ్చినప్పుడల్లా అదే ఆట. విసుగు రాదా అని అడిగాను.

"సచ్చిపోతే మల్లీ మొదలెట్టొచ్చు గదా సిస్టరూ. ఇంకెక్కడ కుదురుద్దది?" అన్నారు లోకనాథం గారు.

రెండో వారం ఆట ఊపులో ఆయన సూదుల చెయ్యి విదిల్చారు. మెషీన్ అలారం మోగింది, చెయ్యి వాచింది. ఒళ్లు మండి గేమ్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

తర్వాత రెండుసార్లు ఆయన రాలేదు. మూడోసారి ఇంట్లోవాళ్లు ఆటోలో తెచ్చారు. ఊపిరాడక పడుకోలేకపోతున్నారు. వెంటనే సూదులు గుచ్చి మెషీన్ మీద పెట్టాను.

"ఆట ఆపేసినారు గదా మేడం, ఇంకెందుకొత్తాడు?" అన్నారు ధర్మారావు గారు మెల్లగా. నా మీద నాకే అసహ్యం వేసింది. లోకనాథం గారు తేరుకున్నాక గేమ్ బయటికి తీశాను. సూదుల చెయ్యి కింద చెక్క పెట్టి మెత్తటి గుడ్డతో వదులుగా కట్టాను. కదిలితే టీవీ కట్టేస్తానని ఇద్దరికీ చెప్పాను.

ఆ తర్వాత ఆయన ఒక్కసారీ మానలేదు. వానలకి బస్సులు ఆగిపోయిన రోజున కూడా ఎవరి బండి మీదో తడిసి ముద్దయి వచ్చారు. ఇంత వానలో ఎలా వచ్చారని అడిగాను.

"నాను రాకపోతే ధర్మారావు ఒంటిసేత్తో ఏటాడతాడు?" అన్నారు తల తుడుచుకుంటూ.

చచ్చిపోతావని ఏళ్ల తరబడి భయపెట్టి నేను రప్పించలేని మనిషి, పక్కవాడి ఆట ఆగిపోతుందని వచ్చాడు. ఇప్పుడు ఎవరైనా రావడం మానేస్తే ఫోన్ నేను చేయను. పక్క మంచం వాళ్లకి ఇచ్చి చేయిస్తాను.