తేలికపాటి తుపాకీ

మనిషి లేచి కూర్చోవడమే పండుగ అనుకుంటున్న రోజుల్లో మా ఆయన తుపాకీ కొంటానన్నాడు. అంతకు ముందు వేసవిలో ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాల లోడు మీది నుంచి జారి పడ్డాడు. కుడి భుజం దగ్గర ఎముక విరిగితే స్టీలు పట్టీ వేసి బిగించారు. నడుము కూడా దెబ్బతింది. ఇక బరువులు మోయొద్దని నిజామాబాద్ దవాఖానలో డాక్టర్ చెబుతుంటే బుద్ధిమంతుడిలా తలూపాడు. బయటికి రాగానే "మొయ్యకుంటె ఎట్ల బతుకుత?" అన్నాడు. మందుల సంచీ చేతికిచ్చి "ముందుగాల గిది మొయ్యి" అన్నాను.

మాది ఆర్మూర్‌కు దగ్గరే, గుట్టల కింది ఊరు. వానాకాలం పసుపులో మక్క, అంటే మొక్కజొన్న, కలిపి వేస్తాం. కంకిలో పాలు పోసుకునే వేళకు గుట్టల్లోంచి అడవి పందులు దిగుతాయి. తినేది కొంత, తొక్కేది కొండంత. మక్కను పడగొట్టడమే కాదు, ముట్టెతో పసుపు సాళ్ళు కూడా పెళ్ళగించి పోతాయి. పంచాయతీ తీర్మానం చేసి, అటవీ శాఖ ఒప్పుకుంటే, లైసెన్స్ ఉన్నవాళ్ళు వచ్చి పందిని కాల్చవచ్చు. మాంసం ఎవరూ ముట్టకూడదు, గుంత తీసి పూడ్చాలి. మా చుట్టుపక్కల అట్లా పిలవదగిన మనిషి మా ఆయన ఒక్కడే. ఎవరి చేనులో పంది పడినా మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్ళు. ఆ పిలుపు ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. చాయ్ సగంలో వదిలేసి లేచేవాడు.

ఆయన మంచంలో ఉండగా ఆ ఏటి మక్క ఎదిగింది. మా పక్క చేను అతను నాకు మరిది వరస. ఓ సాయంత్రం వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు లేస్తవని జూసిన. ఇగ నాతోని గాదు. గట్టు పొంటి కరెంటు తీగ గుంజుత."

పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం మా వైపు కొత్త కాదు. చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు, అయినా పెడతారు. తీగకు పంది ఏదో మనిషి ఏదో తెలియదు. వేకువనే మోటారు వేయడానికి పోయి తిరిగి రానివాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

మా ఆయన లేవబోయాడు, నొప్పికి మళ్ళీ ఒరిగాడు. "కంకులు గట్టివడే దాక ఆగు తమ్మీ. అప్పటికి నేను మంచె ఎక్కుత" అన్నాడు.

మరిది నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. అతను సరేనని పోయాడు గానీ, మర్నాటికే మా రెండు చేన్ల మధ్య గట్టు వెంట కట్టెలు పాతి పెట్టాడు. తీగ చుట్టడమొక్కటే మిగిలింది. చావకముందే పాడె కట్టినట్టు ఆ కట్టెలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆయన మీదా మండేది. నలుగురిలో పేరు పోతుందని ఈ వయసులో, ఈ ఒంటితో, ఇంత పంతమా అని.

ఇంట్లో పాత రెండు గొట్టాల తుపాకీ ఉంది. అది ఎత్తడమే ఓ పని. పైగా దాని గుండు చల్లినట్టు పోతుంది. దగ్గరికి పోతే తప్ప సరిగా తగలదు. సగం దెబ్బ తిన్న పంది ఏ పొదలోనో పడి నరకం చూసి చస్తుంది. ఆయనకు అదే గిట్టదు. "ఒక్క దెబ్బకు పడాలె. లేకుంటె కొట్టుడే వద్దు" అనేవాడు. అందుకని రైఫిల్ కావాలన్నాడు. బోల్టు వెనక్కి లాగి ఒక్కో తూటా ఎక్కించుకునే రకం. మంచె మీద కూర్చుని దూరం నుంచే కిందికి గురిపెట్టొచ్చు, గురి తప్పినా తూటా నేలలోకే పోతుంది. బరువు తక్కువ ఉండాలి, ధర మా అందుబాటులో ఉండాలి, పదేళ్ళయినా మొరాయించకూడదు. ఇవీ ఆయన కోరికలు.

ఇంక చూడాలి. పొద్దస్తమానం ఫోన్లో తుపాకుల పెళ్ళిచూపులే. ఇది పొడుగు, ఇది పొట్టి, దీని కట్టె మంచిది, దీని బోల్టు పట్టేస్తుందట.

"నన్ను చేసుకునేటప్పుడు గూడ గింత జూసుకోలె నువ్వు" అన్నాను ఓ రోజు.

"గప్పుడు మా అమ్మ జూసింది. నా దాక రానియ్యలే" అన్నాడు, ఫోన్ మీంచి కళ్ళెత్తకుండానే.

అదే రోజుల్లో ఇంకో వింత మొదలుపెట్టాడు. వేకువనే మోటారు వేయడానికి చేనుకు పోయేది, ఆయన పడినప్పటి నుంచి, నేనే. పోయేటప్పుడు ఓ సంచీ తెచ్చి నా భుజానికి తగిలించేవాడు. గోనెసంచీని సన్నగా, పొడుగ్గా కుట్టి, లోపల పసుపు కొమ్ములు పోసి, పైన పట్టీ పెట్టాడు. "మోటరు షెడ్డుల వెట్టిరా" అనేవాడు. మర్నాడు "షెడ్డుల ఎలుకలున్నయి, మల్ల తే" అనేవాడు. ఓసారి సంచీ తేలిగ్గా ఉండేది, ఓసారి భుజం కోసేది. మా ఇంటి వెనక నుంచి చేను గట్టు దాకా కనిపిస్తుంది. నేను పోయినంతసేపూ, వచ్చినంతసేపూ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మంచాన పడ్డ మనిషికి ఏవో పిచ్చి ఆలోచనలు వస్తాయి, కాదంటే బాధపడతాడు అనుకుని మోశాను. తిట్టుకుంటూనే మోశాను. ఏలినాటి శని నా భుజం మీదే కూర్చుందని ఇరుగమ్మకు కూడా చెప్పాను.

కాగితాల పని అయ్యాక ఇద్దరం బస్సెక్కి హైదరాబాద్ పోయాం. బస్సు కుదిపినప్పుడల్లా ఆయన కళ్ళు మూసుకునేవాడు. తుపాకుల దుకాణం నేననుకున్నట్టు భయంగా లేదు, బట్టల కొట్టులాగా అద్దాల అల్మరాలు, మధ్యలో బల్ల. దుకాణం ఆసామి పెద్దాయన, తెల్ల గడ్డం. మా ఆయన చెప్పింది విని మూడు రైఫిళ్ళు తెచ్చి బల్ల మీద పరిచాడు.

మార్కెట్ అలవాటు ఎక్కడికి పోతుంది? మా ఆయన ఒక్కోదాన్నీ పసుపు కొమ్మును చూసినట్టే చూశాడు. కట్టెను వేలితో కొట్టి చప్పుడు విన్నాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొదటిది మన సర్కారు ఫ్యాక్టరీది, అందరూ కొనేది, మొద్దుగా, గట్టిగా ఉంది. రెండోది ఎవరో పాత దొరల ఇంటి నుంచి అమ్మకానికొచ్చిన సీమ తుపాకీ, సన్నగా నిగనిగలాడుతోంది. ధర చెబితే మా ఆయన దాన్ని పసిపిల్లను దించినట్టు మెల్లిగా బల్ల మీద దించేశాడు. మూడోది కొత్తది, గొట్టం పొట్టి, కట్టెకు బదులు నల్లటి ప్లాస్టిక్. చేతిలోకి తీసుకుంటే ఉందా లేదా అన్నట్టుంది. కానీ ధర మొదటిదాని కంటే కొంచెం ఎక్కువే.

"బరువు తక్కువైతె ధర గూడ తగ్గాలె గద సాబ్" అన్నాడు మా ఆయన. పుట్టిన దగ్గర నుంచి తూకం చూసి అమ్మిన మనిషి, తక్కువ తూగే సరుకుకు ఎక్కువ ఇమ్మంటే మనసొప్పదు.

పెద్దాయన నవ్వాడు. "గిది పసుపు గాదు పటేల్. బరువు తగ్గించుడే కష్టం." తర్వాత మా ఆయన భుజం వైపు చూసి మెల్లిగా చెప్పాడు. "కని ఒక్క మాట. తేలికది పేలినప్పుడు జోర్‌గ తంతది. బరువుది ఆ దెబ్బ సగం తనే మింగుతది. మీ భుజానికి బరువుదే అచ్ఛా."

నా మనసు తేలికపడింది. లెక్క తేలిపోయింది, బరువుది ఈయన మోయలేడు, తేలికది ఈయన తాళలేడు, ఖాళీ చేతులతో ఇంటికి పోతాం అనుకున్నాను. మా ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వొకపారి భుజానికేసుకో."

"నేనెందుకు?"

"ఏసుకో అంటున్న గద."

సర్కారు తుపాకీ పట్టీ భుజానికి తగిలించుకుని, దుకాణంలో ఆ చివరికీ ఈ చివరికీ సిగ్గుపడుతూ నడిచాను. తర్వాత ప్లాస్టిక్‌ది తగిలించుకుని నడిచాను. ఆయన పెద్దాయనకు చెబుతున్నాడు.

"పొడుగు గట్టు సాబ్ మాది. గా బరువు సంచయితె మలుపు కాడ ఆగి భుజం మార్చుకుంటది. తేలిక సంచయితె ఆగకుంట పోతది. నేను రోజు జూసిన."

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సంచులు. పసుపు కొమ్ములు. ఈ తుపాకుల బరువులు ఫోన్లో చూసి, ఇంటి కాంటా మీద అంతంత పసుపు తూచి, నా భుజం మీద వేసి చూశాడు.

"నన్ను ఎద్దు లెక్క జూసినవా?" అన్నాను. పరాయి మనిషి ముందు గొంతు పెరిగింది.

ఆయన నా దగ్గరికొచ్చాడు. మా ఇద్దరికే వినపడేట్టు అన్నాడు. "ఇంటి నుంచి మంచె దాక నేను మొయ్యలేను. దవాఖానల్నే ఎరుకైంది నాకు. నువ్వు మోస్తెనే నేను పోత."

పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి నన్ను ఇది చేసిపెట్టు అని అడిగింది లేదు. నా నెత్తి మీది గడ్డిమోపు కూడా దారిలో ఎదురొచ్చి తీసుకునేవాడు. ఆ మాట అనడానికి ఎన్ని రోజులు కుర్చీలో కూర్చుని కూడగట్టుకున్నాడో! కోపం ఎటు పోయిందో తెలియదు.

"అయితె బరువుదే తీస్కో" అన్నాను. "మోసేది నేనే గద. మలుపు కాడ ఆగుత, ఏమైతది? నీ భుజంల స్టీలుంది."

"తేలికదే."

"సాబ్ జెప్పింది ఇనలేదా? తంతదట."

"దెబ్బ ఎప్పుడో ఒక్కపారి. మోసుడు రోజు" అన్నాడు.

పెద్దాయన మా వైపు చూడకుండా మిగతా రెండూ తీసి అల్మరాలో పెట్టాడు. తేలికదాని మడమకు, భుజానికి ఆనే చోట, మెత్తటి రబ్బరు తొడుగు వేసిచ్చాడు. తుపాకీ మరొకరు మోయాలంటే లైసెన్స్ మీద ఆ మనిషిని కూడా రాయించాలని చెప్పాడు. అదీ రాయించాం. ఆఫీసులో ఎవరో "అమ్మ మోస్తదా?" అని నవ్వితే, "మస్తు మోస్తది" అన్నాడు మా ఆయన, నన్ను సభలో పొగిడినట్టు. ఇంటికొచ్చాక పాత బొంతలోంచి దూది తీసి, ఆయన అంగీ లోపల భుజం మీద వచ్చేట్టు ఓ మెత్త కుట్టాను. రబ్బరును నేను నమ్మలేదు.

కంకులు గట్టిపడుతుండగా అనుమతి వచ్చింది. తెల్లవారుజామున ఇద్దరం బయల్దేరాం. తుపాకీ ఖాళీగా నా భుజాన, తూటాలు ఆయన జేబులో. ఆయన ముందు నడుస్తూ కర్రతో గడ్డి మీది మంచు దులుపుతున్నాడు, నా చీర తడవకుండా. మంచె నిచ్చెన మెల్లిగా ఎక్కాడు. నేను కింది నుంచి తుపాకీ అందించి, తర్వాత ఎక్కాను. వెనక దూరంగా గట్టు మీద మరిది, అటవీ శాఖ మనిషి కూర్చున్నారు.

వెలుగు పరుచుకునే వేళకు మక్క కదిలింది. ముందు ఓ తల్లిపంది, వెనక దాని పిల్లలు. ఆయన వేలు కూడా కదల్చలేదు. అవి సాలు దాటి పోయాయి. కాసేపటికి ఒంటరి మొగపంది, దూడంత ఉంది, విరిగిన మక్కలోంచి తల ఎత్తి నిలబడింది. ఆయన తుపాకీని మంచె కట్టె మీద ఆనించాడు. మడమను భుజానికి అదుముకున్నప్పుడు ఆయన ఊపిరి ఆగడం నాకు వినిపించింది.

తుపాకీ పేలింది. మంచె అదిరింది.

"పడ్డదా?" అన్నాడు.

"నాకెరుకలే."

"పక్కనే ఉన్నవ్ గద! ఏం జూసినవ్ మరి?"

నేను అప్పటికే ఆయన అంగీ గుండీలు విప్పి, మెత్త పక్కకు జరిపి, భుజం చూస్తున్నాను. కుట్ల గీత పక్కన ఎర్రగా కందింది. వేలు ఆనిస్తే పెదవి కొరుక్కున్నాడు. నొప్పేస్తుందా అంటే లేదన్నాడు. పచ్చి అబద్ధం.

గట్టు మీది నుంచి మరిది కేక వేశాడు. "పడ్డదన్నా! ఒక్క దెబ్బకే! వదినా, నీ మీద ఒట్టు, తీగ వెట్ట. కట్టెలు పీకేస్తున్న!" నిజంగానే ఒక్కో కట్టె పీకి మక్కలోకి విసురుతున్నాడు.

ఆ మాట విని మా ఆయన మంచె మీద వెనక్కి ఒరిగాడు. ఇక ఊరంతా తనను మెచ్చుకుంటుంది, ఇప్పుడు మీసం మీద చెయ్యి వేస్తాడు అనుకున్నాను. వేయలేదు. నొప్పి లేని చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇగ పొద్దుగాల నువ్వు మోటరెయ్యనీకి వోతె నా పానం కొట్టుకోదు" అన్నాడు.

ఆ తీగ పెట్టే గట్టు మీద రోజూ చీకట్లో నడిచేది నేనేనని అంతదాకా నాకు తట్టనే లేదు. నేను ఆయన భుజం మీద తల పెట్టబోయి, దెబ్బ గుర్తొచ్చి, అటు వైపు భుజం మీద పెట్టి ఏడ్చాను.