చెవుల్లో బేసు, డోలక్‌లో లప్పం

నాకు రాయడం అలవాటు లేదండి. చదివింది ఐదో తరగతి. మా ఆవిడ "ఎప్పుడూ చెప్పి నవ్విస్తావుగా, అదే రాసెయ్యి" అంటే కూర్చున్నా. కూర్చున్నా గానీ పెన్ను ముట్టుకోవాలంటే భయం. గోడకి రంగెయ్యమంటే ఇంత భయం ఉండదు. గోడ మీద తప్పు జరిగితే ఇంకో పూత వేసేయొచ్చు.

మాది తిరువూరు. ఇళ్ళకి రంగులేస్తాను. ఆదివారం మాత్రం మా చర్చిలో డోలక్ వాయిస్తాను. పెళ్ళి కాకముందు నుంచీ అక్కడ డోలక్ నాదే. కుడి పక్క గోడకి ఆనుకుని కూర్చునే చోటూ నాదే. నా తల నూనెకి ఆ గోడ మీద మరక పడితే దానికి రంగేసింది కూడా నేనే.

మా బామ్మర్ది బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. వాడికి ఎలక్ట్రానిక్ ప్యాడ్లు వాయించడం వచ్చు. పుల్లలతో కొడితే బాక్సులోంచి సౌండు వస్తుంది చూడండి, అవి. ఒక ఆదివారం పాస్టరుగారి ముందే అనేశాడు.

"బావా, డోలక్ పని అయిపోయింది. సంఘం వార్షికోత్సవానికి ప్యాడ్లు పెడదాం."

"నా పని అయిపోయిందని చెప్పరా, డోలక్‌నెందుకు అంటావ్?" అన్నా.

పాస్టరుగారు నవ్వి, "వార్షికోత్సవం నాడు రెండూ విందాం. ఏది బాగుంటే అది ఉంచుదాం" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నాకు ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఆ చోటు పోతే ఆదివారం నేను ఎక్కడ కూర్చోవాలి, ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

నా మొహం చూసి జాలేసిందో ఏమో, మా వాడే మర్నాడు షాపుకి పిలిచి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు ఇచ్చాడు. "కొత్త పాటలు విని నేర్చుకో బావా. నన్ను ఓడించాలంటే ముందు వినాలిగా."

నా పాతవి చెవి బయట ఆనుకుని ఉండేవి. ఇవి లోపలికంటా దూరేవి, చివర రబ్బరు. పెట్టుకున్నా. పాట పాతవాటికన్నా సన్నగా వినపడింది.

"ఏంట్రా ఇది, దోమ పాడుతున్నట్టుంది?"

"రబ్బరు చిన్నదైంది బావా. నీ చెవి బొక్క పెద్దది." పెద్ద రబ్బరు మార్చి, సీసాకి బిరడా పెట్టినట్టు తిప్పి తిప్పి దూర్చాడు. ధబ్! నేను షాపు బల్ల పట్టుకున్నా.

"లారీ ఏమైనా గుద్దిందేంట్రా?"

"లారీ కాదు, బేసు. ఇప్పుడు బిగిసింది కదా, అందుకు. మొదట్లో అలాగే ఉంటుంది. కొన్నాళ్ళు పెట్టుకో, చెవులు అలవాటు పడతాయి."

ఈ చివరి మాట నేను సరిగ్గా వినలేదు. చెవుల్లో లారీ ఉంది మరి.

పాట ఆపి, వాటిని చెవుల్లోనే ఉంచుకుని ఇంటికి బయల్దేరా. ఎవరో నా వెనకాలే నడుస్తున్నారు. దబ్ దబ్ దబ్. ఆగితే ఆగుతున్నారు. నడిస్తే నడుస్తున్నారు. చటుక్కున వెనక్కి తిరిగి, "ఎవరదీ?" అని అరిచా. బండి మీద బజ్జీలేసే ఆవిడ ఉలిక్కిపడింది. "ఏంటన్నా, కుక్క వెంటపడిందా?" అంది. అవి నా అడుగులేనండి. చెవి మూసుకుపోతే మన అడుగు మనకే తలకాయలో మోగుతుందని నాకేం తెలుసు?

అన్నం దగ్గర ఇంకో గొడవ. అప్పడం కొరికితే తాటాకు ఇల్లు కూలినట్టుంది. మా ఆవిడ ఏదో అడిగింది, కూర ఎలా ఉందనే అయ్యుంటుందని "బాగుంది!" అన్నా. నేను మామూలుగా అన్నాననే అనుకున్నా. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏం కూర అన్నా?" అంది.

పనిలో కూడా అదే తంతు. అప్పుడు విస్సన్నపేటలో ఒక ఇంటికి రంగులు. చెవుల్లో ధబ్ అన్నప్పుడల్లా నా చెయ్యి ఆగట్లేదు. బ్రష్షు గోడకేసి కొడుతున్నా. ఇంటాయన బయటికొచ్చి, "ఏమయ్యా, గోడకి రంగేస్తున్నావా, గోడని శిక్షిస్తున్నావా?" అన్నాడు.

ఇదంతా నవ్వులాటే. అసలు దెబ్బ ఎక్కడ తగిలిందంటే, ఇంటికొచ్చి, చెవుల్లోవి పక్కన పెట్టి, డోలక్ తీసి ఎడమ చెయ్యి వేశా. టప్ అంది. ఇంకోటి వేశా. టప్. బిస్కెట్ల డబ్బా.

"దీనికేదో అయింది" అన్నా.

"ఎప్పుడూ అలాగేగా మోగేది" అంది మా ఆవిడ.

"నీకు తెలీదులే. బేసు లేదు."

నాది బోల్టుల డోలక్. ఎడమ పక్క బోల్టులు వదులు చేశా. టప్ కాస్తా తుప్ అయింది. అదీ చాల్లేదు. ఎడమ మూత తోలుకి లోపలి వైపు జిగురుగా ముద్ద పూస్తారు, మసాలా అంటాం. దాని బరువుకే మోత గంభీరంగా వస్తుంది. అంటే ఇంకొంచెం బరువు పెడితే ఇయర్‌ఫోన్లలో లాగా వస్తుంది కదా అని నా లెక్క. మసాలా తేవాలంటే విజయవాడ వెళ్ళాలి. ఇంట్లో లప్పం ఉంది. గోడకి రంగెయ్యకముందు గుంటలు పూడ్చి నున్నగా చెయ్యడానికి పట్టిస్తాం చూడండి, ఆ లప్పం.

శనివారం మధ్యాహ్నం మూత విప్పి, ఉన్న మసాలా మీద లప్పం దిట్టంగా పట్టించా.

"ఏమయ్యా, అది గోడలకి కదా?" అంది మా ఆవిడ.

"తోలు మాత్రం ఏంటి? అదీ గోడ లాంటిదే."

బిగించి ఒక్క దెబ్బ వేశా. బుమ్మ్ అంది! నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయండి. ఇక బామ్మర్ది సంగతి తేలిపోయిందనుకున్నా. లప్పం ఇంకా పచ్చిగా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. రోజూ గోడల మీద అది ఎలా ఆరుతుందో చూసేవాణ్ణి, నాకే తట్టలేదు.

ఆదివారం మా చర్చిలో పాట ఎత్తుకునేది ఒక మామ్మ. పళ్ళు పోయాయి గానీ గొంతు పోలేదు. ఆమె మొదటి పాట ఎత్తుకుంది, నేను గట్టిగా అందుకున్నా. లోపల ఏదో పటుక్కుమంది. రెండో చరణానికల్లా బుమ్మ్ పోయి గలగల మొదలైంది. ఆరిన లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడి లోపల దొర్లుతోంది. డోలక్ నడుముకి గాలి పోవడానికి చిన్న బొక్క ఉంటుంది. నేను దెబ్బ వేసినప్పుడల్లా అందులోంచి తెల్లగా బుస్సుమని దుమ్ము. నా నల్ల ప్యాంటు మీద సున్నం చల్లినట్టయింది.

మామ్మ పాట ఆపేసింది. "ఒరేయ్, దానికి పొగొస్తోందిరా!"

బామ్మర్ది బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. పాస్టరుగారు దగ్గుతూ, "బ్రదర్, ఏంటది?" అన్నారు.

"లప్పం అండి."

"దేనికి?"

"బేసుకండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం తెరిచే ఉంచి నా చోటు వైపు, ఆ గోడ వైపు చూసుకున్నా. వచ్చే ఆదివారమే వార్షికోత్సవం.

ఆ వారం మూత విప్పి రేకుతో లప్పమంతా గీకేశా. బస్సెక్కి విజయవాడ వెళ్ళి అసలు మసాలా తెచ్చి పూశా. ఎంత బిగించాలో మాత్రం తెలియట్లేదు. నా చెవుల మీద నాకే నమ్మకం పోయింది. డోలక్, స్పానరు పట్టుకుని మామ్మ ఇంటికెళ్ళా. ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"ముందు ఆ చెవుల్లోవి తీసి ఇటివ్వు" అంది. ఇచ్చా. చింతగింజల చేటలో పడేసింది. "ఊఁ, వాయించు." తను పాడుతోంది, నేను వాయిస్తున్నా.

"నా గొంతు నాకే వినపడట్లేదురా. బిగించు."

బిగించా.

"ఇంకా."

బిగించా.

"ఆఁ, అక్కడ ఆపు."

"ఇది పాత మోతే కదే మామ్మా!"

"మరి నేను కొత్తగా వచ్చానా?"

వార్షికోత్సవం నాడు నేను నా గోడ దగ్గర, బామ్మర్ది ప్యాడ్లతో ఎదురుగా. మామ్మ ఎత్తుకుంది. ఇద్దరం అందుకున్నాం. వాడు పెంచితే నేను పెంచా. నేను పెంచితే వాడు బాక్సు సౌండు పెంచాడు. మామ్మ మైకులోనే, "ఒరేయ్, ఇద్దర్లో ఒకళ్ళు ఆపండిరా, పాట చచ్చిపోతోంది" అంది.

అక్క మొగుణ్ణి, పెద్దవాణ్ణని వాడు నాకు గౌరవం ఇచ్చి ఆపాడు. చిన్నవాడు, పోనీలే అని నేనూ అదే క్షణంలో ఆపా. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ చేతులు పైకెత్తి కూర్చున్నాం. పాట మాత్రం ఆగలేదు. ఆడవాళ్ళు చప్పట్లతో లాక్కెళ్ళిపోయారు. మా ఇద్దరి అవసరమే ఎవరికీ ఉన్నట్టు లేదు.

చరణం చివర మామ్మ నా వైపు గడ్డం ఎగరేసింది. అందుకో అని. మెల్లిగా, ఆమె గొంతు కింద పెట్టి వాయించా. ఎవరూ ఆపమనలేదు. ఆ తర్వాత కుర్రాళ్ళ పాటకి బామ్మర్ది వాయించాడు, నేను చప్పట్లు కొట్టా. చివర్లో పాస్టరుగారు, "రెండూ ఉండనివ్వండి, ఒకేసారి మాత్రం వద్దు" అన్నారు.

మామ్మ చేటలోంచి తెచ్చుకున్న ఇయర్‌ఫోన్లు పనిలో పెట్టుకుంటూనే ఉన్నా. తర్వాత కొన్నాళ్ళకి వాటిని పట్టుకుని షాపుకెళ్ళా. "ఇవి పాడైపోయాయిరా. బేసు పోయింది."

వాడు పెట్టుకుని విని, నన్ను అదోలా చూశాడు. "ధబ్‌ధబ్‌మంటుంది కదా బావా. నీ చెవులు అలవాటు పడ్డాయి. మొదటి రోజే చెప్పానుగా."

అంటే డోలక్ జోలికి పోకుండా నేను కొన్నాళ్ళు ఊరుకుని ఉంటే సరిపోయేదన్నమాట.

ఇప్పుడు పనిలో ఒక చెవికే పెట్టుకుంటున్నా. డోలక్ బాగానే ఉంది. ఎంత దులిపినా లోపల కొంచెం లప్పం మిగిలిందేమో, హుషారు పుట్టి గట్టిగా వాయిస్తే ఇప్పటికీ ఆ బొక్కలోంచి తెల్లగా ఒక బుస్సు వస్తుంది. అందుకని ఆదివారం మా ఆవిడ నాకు నల్ల ప్యాంటు తీసివ్వట్లేదు.