ఏదీ, సెయ్యి ఇలాగియ్యి!

మా అత్తగారు రత్నాలమ్మ గారు లోకంలో ఒక్క మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మేవారు కాదు. ఆ మాట "తిన్నాను."

అది వినగానే ఆవిడ కళ్లు చిన్నవైపోయేవి. "ఏదీ, సెయ్యి ఇలాగియ్యి!" అంటూ ఎదుటివాళ్ల కుడిచెయ్యి లాగి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. చుట్టమా, పాలవాడా, కరెంటు బిల్లు రాసే అతనా అన్న తేడా లేదు. కాశీబుగ్గలో మా వీధికి కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ ఒకసారి ఉత్తరం గుమ్మంలో విసిరేసి సైకిలు కూడా ఎక్కకుండా పరిగెత్తాడు.

ఆదివారం మరీ ఘోరం. మహిళా సమాజం కార్యదర్శి హోదాలో చర్చి గుమ్మం దగ్గర నిలబడి, వందనాలు చెప్పిన ప్రతి చేతినీ పట్టుకునేవారు.

"పాస్టరు గారూ, టిఫినీ సేసినారా?"

"చేశానమ్మా."

"ఏదీ! ఊఁ... సరే, ఎల్లండి. వాక్యం సెప్పండి."

మగవాళ్ల అనుమానం వేరు. చుట్టా సారా వాసన పట్టుకోవడానికి వాళ్ల పెళ్లాలే ఈవిడను గుమ్మంలో కాపలా పెట్టారని. సంఘపెద్ద తిరుపతిరావు గారైతే సబ్బుతో చెయ్యి తోముకుని పైన పక్కవాళ్లు ముక్కు మూసుకునేంత సెంటు పూసుకొచ్చేవారు.

"పెళ్లికెల్తన్నావేటి తిరపతీ?"

"ప్రార్థనకే, అప్పా."

"మరి సెంటెందుకు? ఏదో దాత్తన్నావు నువ్వు."

జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే గౌరమ్మకు మాత్రం ప్రతివారం శిక్ష కూడా పడేది. ఆమె భర్త కిడ్నీ జబ్బుతో మంచాన ఉన్నాడు. "తిన్నానొదినా, జీడిసొన అంటుకున్న సెయ్యి, దీన్నేటి సూత్తావు" అని ఆమె చెయ్యి కొంగులో దాచుకునేది.

"దేవుడి గుమ్మంలో అబద్దవా! నడు, మా ఇంట్లో అంట్లు తోముదువు గానీ!"

పాపం మనిషిని పదిమందిలో ఇంత మాటంటారా అని నాకు ఒళ్లు మండేది.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. 2002లో మా శ్రావ్య పుట్టాక నా అనుమానాలు అత్తగారివాటిని మించిపోయాయి. మూడో నెలలో పాప బరువు పెరగడం ఆగిపోయింది. గ్రాఫ్ కాగితం మీద గీస్తే గీత చాప పరుచుకుని పడుకుంది. నూతినీళ్లను అనుమానించాను. ఉగ్గుగిన్నెను అనుమానించాను. చివరికి అత్తగారి ముక్కును అనుమానించాను. ఊరందరి చేతుల మీది క్రిములూ ఆ ముక్కు మీదుగా నా బిడ్డ బుగ్గల మీదికి వస్తున్నాయి!

"అత్తయ్యా, మీ పరీక్షలో శాస్త్రం లేదు. పోల్చి చూసుకోడానికి కంట్రోల్ ఏది?"

"కంట్రోలు బియ్యం అయిపోనాయమ్మా. పదో తారీకు దాటాక ఇత్తారట."

"అది కాదు! చేతులు వాసన చూడ్డం మానేదాకా పాపను ఎత్తుకోవద్దు."

ఆవిడ పాపను ఎత్తుకోవడం మానేశారు. చేతులు పట్టుకోవడం మానలేదు. సొంత మనవరాలి కన్నా ఊళ్లో వాళ్ల చేతులు ఎక్కువైపోయాయా? నాకు కొత్త అనుమానం మొదలైంది. ఆ ఆదివారం శిక్ష పడిన గౌరమ్మ వెనకే ఇంటికొచ్చి వంటింట్లోకి తొంగిచూశాను.

అక్కడ అంట్లే లేవు. గౌరమ్మ పీట మీద కూర్చుని, సొనకు కాలిన వేళ్లతో చెంచా పట్టుకుని అన్నం తింటోంది. అత్తగారు ఆమె వైపు చూడకుండా పొయ్యి వైపు తిరిగి నిలబడ్డారు. ఎదురుగా పాలు పొంగి, అడుగంటి, నల్లగా మాడుతున్నాయి. కంపు వీధిదాకా కొడుతోంది. ఆవిడకు చీమ కుట్టినట్టైనా లేదు.

గౌరమ్మ వెళ్లాక అడిగాను. "అంత మాడు వాసన మీకు రాలేదా అత్తయ్యా?"

"టైఫాయిడ్ ఒచ్చిన కాణ్ణించీ నాకు వాసనే తెల్దు గుంటా."

"మరి ఇన్నాళ్లూ... ఆ చేతులు?"

"తిన్నోలు సెయ్యి ఇచ్చెత్తారు. తిననోలు ఎనక్కి లాక్కుంటారు. అంతే."

"దానికి పాస్టరు గారి చెయ్యెందుకు?"

"గౌరి సెయ్యొక్కటే పట్టుకుంటే ఊరంతా తెలిసిపోద్ది కదేటి. సిగ్గుతో మల్లీ సర్చికొత్తాదా అది?" గిన్నె కడుగుతూ చటుక్కున నా వైపు తిరిగారు. "నువ్వు తిన్నావా?"

"తిన్నానత్తయ్యా."

అన్నాక చూసుకుంటే నా కుడిచెయ్యి వీపు వెనక ఉంది. పాప బెంగతో నేను సరిగ్గా అన్నం తిని ఎన్నాళ్లయిందో లెక్కే లేదు.

"కెమిట్రీ సదివినావు! తల్లి తినకుండా పిల్లకి పాలెక్కణ్ణించొత్తాయి?" అంటూ వంకాయ, ఎండురొయ్యల కూరతో కంచం నా ముందు పెట్టి, నన్ను అడక్కుండానే పాపను ఎత్తుకున్నారు. ఆ రోజు నుంచి మూడు పూటలా నా ఎదురుగా కూర్చునే ఉన్నారు.

మరుసటి నెల ఇద్దరం పాపను ఆసుపత్రికి తూకానికి తీసుకెళ్లాం. మధ్యాహ్నం రెండున్నర. బయట బల్లల మీద ఇంకా పాతికమంది తల్లులున్నారు.

"ఏడువందల గ్రాములు పెరిగింది! ఏం మార్చారండీ?" అన్నారు డాక్టరు గారు.

"అది తరవాత సెప్తాం గానీ, డాట్రు బాబూ," అత్తగారి కళ్లు చిన్నవయ్యాయి, "తవరు బోయినం సేసినారా?"

"ఆఁ, చేశాను, చేశాను," అంటూ డాక్టరు గారు రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టేసుకున్నారు.