ఎర్ర బటన్ నొక్కని డ్రైవరు

నాకు నోరెక్కువ. కొడవలూరులో మా అమ్మ దగ్గర్నుంచి ఆఫీసులో మా ఇంజినీరు దాకా అందరూ ఒప్పుకున్న మాటే. కానీ ఆ నోటివల్ల రెండు ప్రాణాలు పోబోయాయని మాత్రం ఎవరూ అనలేదు. ఆ సంగతి నాకూ, ఇంకొక మనిషికీ మాత్రమే తెలుసు.

రాష్ట్రమంతటికీ కలిపి ఒకే వైర్‌లెస్ నెట్‌వర్క్ వేస్తున్న రోజులవి. అంతకుముందు పోలీసుల సెట్టు పోలీసులతోనే మాట్లాడేది, ఫైర్ వాళ్ళది ఫైర్ వాళ్ళతోనే. అంబులెన్సు డ్రైవర్లకు సెల్‌ఫోనే దిక్కు. తుఫాను వస్తే ముందు చచ్చేవి ఆ సెల్ టవర్లే! అందరికీ ఒకే రకం సెట్లిచ్చి, ఆపద వేళ అందరూ ఒకే ఛానల్లో మాట్లాడుకునేలా చెయ్యాలి. నేను కాంట్రాక్టు టెక్నీషియన్ని. మైపాడు నుంచి కోట దాకా యాంటెన్నాలు బిగించాను, సెట్లు పంచాను, వాడటం నేర్పాను.

కోటలో నేర్పిన రోజు ఎర్ర బటన్ గురించి చెబుతున్నాను. మామూలుగా ఆ ఛానల్లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాల్సిందే. ఎర్ర బటన్ నొక్కితే మాత్రం అందరి గొంతూ ఆగి, నొక్కినవాళ్ళ గొంతే వినిపిస్తుంది. వాళ్ళెక్కడున్నారో కంట్రోల్ రూం తెరమీద కనిపిస్తుంది. నేనింకా చెప్పడం పూర్తి చెయ్యనేలేదు, ముందు వరసలో కూర్చున్న అంబులెన్సు డ్రైవరు దాన్ని మూడుసార్లు నొక్కేశాడు. నెల్లూరు కంట్రోల్ రూంలో సైరన్ మోగింది. ఇంజినీరు ఫోన్ చేసి నన్ను దులిపేశాడు. ఆ కోపమంతా నేను డ్రైవరు మీద దించాను.

“ఏందన్నా, అదేమన్నా కాలింగ్ బెల్లా? ఇంకోసారి ఊరికే నొక్కితే సెట్టు లాక్కుంటా!”

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. “తప్పయిపోయిందక్కా” అని సెట్టును ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు హాయిగానే అనిపించింది.

ఆ ఏడే వాయుగుండం పట్టింది. రెండు రోజులుగా కుండపోత. మధ్యాహ్నం నేను కంట్రోల్ రూంలో కానిస్టేబుల్ పక్కన కూర్చుని నెట్‌వర్క్ ఎక్కడైనా తెగుతుందేమోనని గుండె చిక్కబట్టుకుని చూస్తున్నాను. అన్ని శాఖలూ ఒకే ఛానల్లో ఉన్నాయి. అప్పుడు ఆ డ్రైవరు గొంతు వినిపించింది.

“కంట్రోల్, కోట అంబులెన్స్. బండిలో కాన్పు కేసుండాది. వాగు చప్టా మీద నీళ్ళు...”

“ఎవరది? ఒక్క నిమిషం. లైను క్లియర్‌గా ఉంచండి” అని ఒక పెద్దాఫీసరు అందుకున్నాడు.

“సరే సార్” అన్నాడు డ్రైవరు.

ఆఫీసరు పునరావాస కేంద్రాల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ఊరి పేరూ రెండేసి సార్లు. మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడు “సార్...” అని సన్నగా ఒక్కసారి వినిపించి ఆగిపోయింది. చప్టా ఏ ఊరిదో మాకు తెలియదు. నేను తెర వంక చూస్తూ ఉన్నాను. నొక్కు సామీ, నొక్కు! అయిదు నిమిషాలు, పది నిమిషాలు. పావుగంట దాటాక తట్టింది నాకు. ఆయన నొక్కడు. నేనే కదా వద్దన్నాను!

“సార్‌ని ఆపండి, మీ మైకుతో ఆపొచ్చు” అన్నాను కానిస్టేబుల్‌తో.

“అమ్మో! సార్ మాట్లాడుతుంటేనా? నా ఉద్యోగం ఊడుద్ది మేడం!”

నేనే మైకు లాక్కున్నాను. “కోట అన్నా, నేను, సెట్లిచ్చిన అక్కని. ఎర్ర బటన్ నొక్కన్నా. ఏం కాదు, నొక్కు!”

“ఎవరా అమ్మాయి?” అన్నాడు ఆఫీసరు. అంతలో సైరన్ మోగింది. తెరమీద, రొయ్యల గుంటల మధ్య ఎర్ర చుక్క. చప్టా ఏ ఊరిదో ఆయన ఈసారి పూర్తిగా చెప్పాడు.

దగ్గర్లో ట్రాక్టరు మీద ఉన్న ఫైర్ వాళ్ళు ఆ పిలుపు నేరుగా విని బయల్దేరారు. కాన్పుకొచ్చిన ఆమెను ట్రాక్టరు మీదే ఆస్పత్రికి చేర్చారు. బిడ్డ పుట్టిన చాలాసేపటికి గానీ ఏడవలేదట. తల్లీబిడ్డా బతికారని సాయంత్రం తెలిసింది. బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

వారం తర్వాత కోట వెళ్ళి ఆయన్ని అడిగాను, ఎందుకు నొక్కలేదని.

“చెయ్యి దానిమీదికే పొయ్యిందక్కా. ఆ పొద్దు అందరూ నవ్వింది గుర్తొచ్చి ఎనక్కి తీసుకున్నా. ఎనకాల ఆ తల్లి నొప్పులతో అరస్తానే ఉండె. నేను సార్ మాట ఎప్పుడు ఐపోతుందా అని చూస్తా కూర్చున్నా.”

“నాదే తప్పన్నా” అన్నాను.

తర్వాతి శిక్షణ కూడా అదే హాల్లో. నేను ముందుగా ఆయన్నే లేపి, ఎర్ర బటన్ ఎట్లా నొక్కాలో అందరికీ చూపించమన్నాను. నెల్లూరుకు ముందే చెప్పిపెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన బొటనవేలు బటన్ మీద పెట్టి, నొక్కకుండా, నొక్కనా అన్నట్టు నా మొహం వంక చూశాడు.