చిన్నమ్మ వచ్చిన శనివారాలు

ఒమాన్‌లోని అల్ మవాలేలో మేముండే బిల్డింగ్ వెనక ఒక పార్కు ఉంది. పార్కు దాటగానే వాదీ, అంటే కొండల్లో వాన పడినప్పుడు మాత్రమే నీళ్లు పారే వాగు. మిగతా కాలమంతా అందులో గులకరాళ్లు, ముళ్లచెట్లు, వాటి నీడన నిలబడే మేకలు. శుక్రవారం సాయంత్రం పార్కు పచ్చిక మీద చాపలు పరుచుకుని కుటుంబాలు కూర్చుంటాయి. ఒకవైపు మాంసం కాలుస్తుంటారు, ఇంకోవైపు ఫ్లాస్కుల్లోంచి చాయ్ పోసుకుంటుంటారు. మేమూ పులిహోర డబ్బా పట్టుకుని వెళ్లేవాళ్లం. శనివారం పొద్దున్న చూస్తే ఆ సంబరమంతా కాగితపు కప్పులుగా, రేకు పళ్లేలుగా, ప్లాస్టిక్ కవర్లుగా మిగిలి ఉండేది. గాలి వీస్తే కవర్లన్నీ ఎగిరి వాదీలో ముళ్లకంపలకు చిక్కుకునేవి.

ఒక శనివారం నడకకి వెళ్లినప్పుడు ఒక మేక కవరు నములుతూ కనబడింది. నేను ఒక కొస పట్టుకుని లాగితే అది ఇంకో కొస వదల్లేదు. పక్కన మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. చివరికి మేకే ఓడిపోయింది. చేతిలో ఆ తడి కవరు ఎలాగూ ఉంది కదా అని, దారిలో కనిపించిన కప్పులన్నీ అందులో వేసుకుంటూ వచ్చాం. మరుసటి వారం ఇంట్లోంచే పెద్ద సంచి తీసుకెళ్లాం. అలా మొదలైంది.

అప్పటికి మా అమ్మాయి అయిదో క్లాసు. ఆ పొద్దుటి వేళ అది చెప్పని కబురు ఉండేది కాదు. ఏ టీచరు ఎవర్ని తిట్టింది, ఎవరి టిఫిన్ బాక్సు ఎవరు తినేశారు, బస్సులో కిటికీ సీటు కోసం ఎవరితో పోట్లాడింది, అన్నీ చెప్పేది. చేతులు పనిలో ఉంటే నోరు బాగా ఆడుతుంది మా పిల్లకి. నాలాగే. తర్వాత బిల్డింగ్‌లో పిల్లలు నలుగురైదుగురు చేరారు, ఇద్దరు తల్లులు చేరారు. పని అయ్యాక నేను క్యాన్లో తెచ్చిన మజ్జిగ అందరికీ పోసేదాన్ని. లిఫ్టులో ఎదురైన పిల్లలు నన్ను పార్క్ ఆంటీ అని పిలుస్తుంటే పైకి మామూలుగా ఉండేదాన్ని గాని, లోపల గర్వంగానే ఉండేది.

రెండేళ్లు గడిచాక ఒకామె మా పై అంతస్తులోకి అద్దెకు వచ్చింది. కరీంనగర్ వైపు పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన మనిషి. భర్త ఇక్కడ ఒక కంపెనీలో ఇంజినీరు. ఆమె హైదరాబాద్‌లో ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేసింది. పొడుగు మనిషి, మెడ దాకా కత్తిరించిన జుట్టు, నడుస్తుంటే పరిగెత్తబోతున్నట్టు ఉండేది. మొదటి శనివారం వచ్చి మాతోపాటు మౌనంగా కప్పులు ఏరింది. రెండో వారం పిల్లల్ని జట్లుగా విడదీసి పందెం పెట్టింది. ఆ తర్వాత మా అమ్మాయి చదివే స్కూలుకి తనే వెళ్లి అక్కడి పర్యావరణ క్లబ్బు టీచరుతో మాట్లాడింది. నెల తిరిగేసరికి శనివారం పొద్దున్న పార్కు ముందు స్కూలు బస్సు ఆగుతోంది. పిల్లలందరికీ చేతి తొడుగులు, వంగకుండా చెత్త ఏరే పొడుగు పట్టుకర్రలు వచ్చాయి. సంచులు ఎత్తుకుపోవడానికి మున్సిపాలిటీ బండి వస్తోంది. ఇవన్నీ అడిగితే దొరుకుతాయని నాకెప్పుడూ తోచలేదు.

ఆమె చేసిన ప్రతి పనీ మంచిదే. నా బాధంతా అదే. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, నేను వెతకని రోజు లేదు. పొద్దున్నే అంత గోల చేస్తే చుట్టుపక్కల విల్లాల వాళ్లకి ఇబ్బంది కదా అని మా ఆయనతో అన్నాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే, ఆ విల్లాల వాళ్లే పిల్లల్ని పంపిస్తున్నారుగా అన్నారు. అదీ నిజమే. స్కూలు వాళ్లు వేసిన ఫోటోలో ఆమె మధ్యలో ఉంది, పక్కన మా అమ్మాయి, దాని భుజం మీద ఆమె చెయ్యి. ఒక అంచున మజ్జిగ క్యాను, దాని మీద నా మోచేయి.

మా అమ్మాయి మాట మారడం నేను వంటింట్లో ఉండగా మొదటిసారి విన్నాను. ఉల్లిపాయ తరగబోతే, గట్ల కాదమ్మా, అంది. మాది కాకినాడ. మా ఇంట్లో పుట్టాక అది ఆ మాట ఎన్నడూ అనలేదు. తర్వాత జుట్టు మెడ దాకా కత్తిరించుకుంటానంది. ఇంకొన్నాళ్లకి ఆంటీ పోయి చిన్నమ్మ వచ్చింది. ఆంటీ అంటే దూరంగా ఉంటది, చిన్నమ్మ అను అని ఆమే చెప్పిందట. మా వైపు అమ్మ చెల్లెల్ని పిన్ని అంటాం. వాళ్ల వైపు చిన్నమ్మ అన్నా అదే. నాకు తెలియక కాదు. కానీ మా ఇంట్లో ఆ మాట వినబడినప్పుడల్లా ఒక అమ్మ ఉండగా ఇంకో అమ్మ ఎందుకు అనిపించేది. మా సొంత చెల్లెల్ని ఇది ఏడాదికోసారి కూడా పిన్నీ అని నోరారా పిలవలేదు.

ఇంట్లో ఏం అడిగినా ఊ, ఊహూ తప్ప మాట రావడం మానేసింది. పన్నెండేళ్ల పిల్లలు ఇంతే అని అందరూ అన్నారు. శనివారం మాత్రం, నేను మజ్జిగ బల్ల దగ్గర నిలబడి చూస్తుంటే, దూరంగా వాదీలో ఆమె పక్కన వంగి కవర్లు ఏరుతూ అది ఆపకుండా మాట్లాడుతూనే ఉండేది. మాటలు వినబడేవి కావు, నోరు కదలడం కనబడేది. ఆ కబుర్లు ఒకప్పుడు నావి.

ఆ ఏడాది చలి తగ్గే ముందు ఒక శనివారం పెద్ద ఎత్తున వాదీ అంతా శుభ్రం చేద్దామని స్కూలువాళ్లు అనుకున్నారు. ఒమానీ కుటుంబాలు కూడా వచ్చాయి. పాదాల దాకా ఉండే తెల్ల దిష్‌దాషా వేసుకున్న ఒక పెద్దాయన ఖర్జూరాల పళ్లెం పట్టుకుని ప్రతి పిల్ల దగ్గరికీ వెళ్లి తినమని బతిమాలుతున్నాడు. ముళ్లకంపల్లోంచి కవర్లు లాగలేక మగపిల్లలు అరుస్తున్నారు. మజ్జిగ కోసం నా ముందు పెద్ద వరస. గ్లాసులు అందిస్తూ మధ్యలో తలెత్తి చూస్తే మా అమ్మాయి కనబడలేదు. ఆమె కూడా కనబడలేదు. చాలాసేపటికి ఇద్దరూ కార్లు నిలిపే వైపు నుంచి నడిచి వచ్చారు. ఆమె చలికి పైన వేసుకునే నీలం జాకెట్టు మా అమ్మాయి నడుముకి కట్టి ఉంది. ఏంటమ్మా అది అని అడిగితే, ఊరికే, అంది. ఎండకి చెమట పట్టి కట్టుకుందేమో అనుకున్నాను. అంతకన్నా, ఆమె బట్ట మా పిల్ల ఒంటి మీద ఎందుకని చిరాకు పడ్డాను.

ఇంటికొచ్చాక అది స్నానాలగదిలో చాలాసేపు ఉండి, గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. మధ్యాహ్నం ఆమె మా బెల్లు కొట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు. గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా, పొద్దుగాల పిల్ల పెద్దమనిషయింది. నా కార్ల సామాన్లుంటే ఇచ్చిన. ఇంటికి పోయి నీకు చెప్త అన్నది. చెప్పిందా?"

"చెప్పింది" అన్నాను.

ఆ అబద్ధం ఎలా వచ్చిందో వచ్చేసింది. నా కూతురి కబురు ఈమె నోటి నుంచి వింటున్నానని ఈమెకి తెలియకూడదు, అంతే. ఆమె నా ముఖం వైపు ఒక్క క్షణం చూసింది. నమ్మలేదని నాకు తెలిసిపోయింది.

"అమ్మను పిలుస్త అంటే వద్దన్నది అక్కా. ఊర్లకు ఫోన్లు పోతయ్, ఫంక్షన్ చేస్తరు, అందరి ముంగట కూసోబెడ్తరు అని భయపడ్డది. గంతే. నీ మీద వేరే ఏం లేదు."

ఆమె వెళ్లాక తలుపు వేశాను. ఆ రోజు కోసం మా అమ్మా నేనూ ఎన్నేళ్లుగా మాట్లాడుకున్నామో లెక్కలేదు. లంగా ఓణీ ఏ రంగుదో, ఎవరెవర్ని పిలవాలో, నువ్వులు, బెల్లం కలిపి చిమ్మిలి ఎవరు దంచాలో అన్నీ అనుకున్నాం. ఆ రోజు వచ్చింది, మా కొండంత ఏర్పాట్లని దాటుకుని ఎవరిదో కారు వెనక సీట్లోకి వెళ్లిపోయింది. మొట్టమొదట పిల్లని దగ్గరికి తీసుకున్న చెయ్యి నాది కాదు. ఈసారి కుళ్లు ఎప్పటిలా సన్నగా గిల్లలేదు. భగ్గుమంది.

గదిలోకి వెళ్తే అది గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కూర్చుని కాలి మీద చెయ్యి వేశాను. ఇటు తిరగకుండానే అడిగింది.

"అమ్మమ్మకి చెప్పేసేవా?"

"లేదు. నువ్వెప్పుడు చెప్పమంటే అప్పుడే చెప్తాను."

ఆ మాట అంటానని నేనూ అనుకోలేదు. అది తిరిగి చూసింది, నిజమేనా అన్నట్టు. నొప్పిగా ఉందా అని అడిగాను, వేడినీళ్ల సంచి తెచ్చి ఇచ్చాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"నేనక్కడే ఉన్నాగా. నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీ చుట్టూ అందరూ ఉన్నారు. మగపిల్లలున్నారు. చిన్నమ్మ ఒక్కతే ఉంది."

అంత తేలికైన జవాబు. నేను తలూపాను గాని, నాకు తృప్తి కలగలేదు. ఏడ్చావా అంటే కొంచెం ఏడ్చానంది. ఆవిడ ఏమందీ అని అడిగాను. ఏమీ అనలేదు, జోకు చెప్పిందట. ఏం జోకు అని అడిగాను. అది నవ్వు ఆపుకుని, చెప్పనంది. అది మా ఇద్దరిదీ, అంది. దాని నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. ఆ జోకు ఏమిటో తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది.

జాకెట్టు ఉతికి ఇస్త్రీ చేశాను. తర్వాతి శనివారం వెళ్లకూడదనుకున్నాను, మళ్లీ వెళ్లాను. పిల్లలు బస్సు దిగే లోపు ఆమెకి జాకెట్టు ఇచ్చేశాను. థాంక్స్ చెప్పాలని చాలాసార్లు మనసులో అనుకుని వచ్చాను. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మీరంటే నాకు కుళ్లండీ" అన్నాను.

ఆమె చేతి తొడుగులు వేసుకుంటూ నిదానంగా నవ్వింది.

"ఎరుకే అక్కా. మజ్జిగ ఎప్పుడు చూసినా నాకు ఆఖరుకే పోస్తవు. అప్పటికి కరివేపాకు తప్ప ఏం మిగలది."

ఇద్దరం ఒక సంచి చెరో వైపు పట్టుకుని ముళ్లకంపల దాకా వెళ్లాం. ఆ పూట మజ్జిగ ముందు ఆమెకే పోశాను. దాంతో నా కుళ్లు పోయిందని చెప్తే అది కోతలు కోయడమే అవుతుంది. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి మా ఇద్దరి మధ్యలోంచి వంగి ఆమె గ్లాసులో ఒక గుక్క తాగింది, నా గ్లాసు దగ్గరే ఉన్నా. అది కూడా నేను చూశాను.

వాళ్ల అమ్మమ్మకి చెప్పడానికి మా అమ్మాయి ఒప్పుకునేసరికి చాలా వారాలు పట్టింది. ఇన్నాళ్లు దాచావా అని మా అమ్మ నాతో కొన్ని రోజులు మాట్లాడలేదు. ఎండాకాలం సెలవుల్లో కాకినాడ వెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లమే చిన్నగా చేసుకున్నాం. ఫోటోలు వద్దని అది ముందే షరతు పెట్టింది. చిమ్మిలి మాత్రం బాగా తింది.

మేం తిరిగొచ్చేసరికి పై ఇంటికి తాళం ఉంది. ఆమె భర్తకి ఒమాన్‌లోనే దూరంగా ఉన్న సూర్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చి వాళ్లు వెళ్లిపోయారు. ఆ సంగతి ఆమె ఫోన్లో మా అమ్మాయికే ముందు చెప్పింది, అది ఏడుస్తూ వచ్చి నాకు చెప్పింది. దాన్ని దగ్గరికి తీసుకుని వీపు నిమిరాను. నాకు సంతోషమే వేసింది. ఆ సంతోషం దానికి కనబడకుండా తల దాని భుజం మీద ఆన్చాను.

చల్లబడ్డాక మళ్లీ శనివారాలు మొదలయ్యాయి. స్కూలు బస్సు వస్తూనే ఉంది. జట్లు విడదీసేది, మున్సిపాలిటీ బండికి ఫోన్ చేసేది ఇప్పుడు నేను. ఆమె అంత బాగా నాకు రాదు. కొత్తగా చేరిన పిల్లలకి నేనే మొదటినుంచీ ఉన్నదాన్ని, పాత పిల్లలు మాత్రం ఆ ఆంటీ ఎప్పుడొస్తుందని అడుగుతుంటారు. రాదని చెప్పి సంచి చేతికిస్తాను.

మా అమ్మాయి ఇప్పుడు ఎక్కువగా నా పక్కనే ఏరుతుంది. కొన్ని కబుర్లు చెప్తుంది, అన్నీ కాదు. పని మధ్యలో సూర్ నుంచి వీడియో కాల్ వస్తుంది. అది తొడుగు విప్పి, ఫోన్ ఎత్తి, శుభ్రమైన వాదీని అటూ ఇటూ తిప్పి చూపిస్తూ గలగలా మాట్లాడుతుంది. నేను సంచి తీసుకుని కొంచెం అవతలికి జరుగుతాను. మరీ మాటలు వినబడనంత దూరం మాత్రం వెళ్లను.