ఎర్ర మందు, సరోజ గుండె

నేను రిటైరైన మరుసటి ఏడు, 2003 వేసవిలో, కుప్పం స్టేషన్ మెట్లెక్కుతూ నా భార్య సరోజ సగంలో ఆగిపోయింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక నాలుగో కీమోథెరపీ కోసం బెంగళూరుకు బయలుదేరాం. ఎండకు ఆయాసమంది. తెల్లవారుజాము బండికి ఎండ ఎక్కడిది? డైరీలో "మెట్ల మీద ఆగింది" అని రాసుకున్నాను, అంతే.

ఆమెకు ఎక్కిస్తున్నది డాక్సోరుబిసిన్. ఎర్రగా ఉంటుంది గనుక వార్డులో అందరూ ఎర్ర మందనేవారు. వాంతులవుతాయని, జుట్టు రాలుతుందని ముందే చెప్పారు. గుండె సంగతి కూడా చెప్పే ఉంటారు. క్యాన్సర్ అన్న మాట తర్వాత మాకేదీ చెవికెక్కలేదు.

ఆ కోర్సయ్యాక విశ్రాంతికని పుంగనూరులో వాళ్ళక్క రాజమ్మ ఇంట్లో దించాను. వదినకు పాడి ఉంది. పాలు, నెయ్యి, ఉప్పేసిన మజ్జిగ వద్దన్నా పోసేది. కొన్నాళ్ళకు వెళ్ళి చూస్తే సరోజ మొహం, కాళ్ళు నిండుగా ఉన్నాయి. మెట్టెలు బిగుసుకుంటే వదిన కంసాలితో సాగదీయించిందట.

"మీ కుప్పంలో పుల్ల మాదిరి ఉండె. ఈడికొచ్చినాక ఒళ్ళు పట్టుండాది, సూడప్పా," అంది. నేనూ సంతోషించాను.

కానీ సరోజ గోడకు మూడు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోతోంది. వెల్లకిలా పడుకుంటే దగ్గట. నాకు భయం వేసి మదనపల్లెలో ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కాలిని బొటనవేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. ఈసీజీ, ఎకో తీయించాడు.

"ఇది ఒళ్ళు కాదప్పా, నీళ్ళు. గుండె పంపింగ్ బాగా తగ్గిపోయుండాది. ఎర్ర మందు వల్ల ఇట్లయ్యేది ఉంది."

తిరుగు బస్సులో సరోజ నా చెయ్యి పట్టుకుంది. "బెంగళూరు డాక్టరుకు చెప్పొద్దండి. మందు ఆపేస్తారు. ఇంకా రెండే కదా ఉండేది. మధ్యలో ఇడిస్తే గడ్డ మళ్ళీ వస్తాది." ఆయాసం మూడో కోర్సు నుంచే ఉందని అప్పుడు బయటపడింది. గడ్డకు భయపడాలో గుండెకు భయపడాలో నాకు తోచలేదు. అయినా ఎకో రిపోర్టు బెంగళూరు డాక్టరు ముందు పెట్టాను.

ఆ డాక్టరమ్మ ఎర్ర మందు ఆపేసింది. మిగతావి వేరే మందులతో ఇస్తామంది. "మళ్ళీ వస్తే?" అని సరోజ ఏడ్చింది.

"వస్తే చూద్దాం. చూడటానికి మీరుండాలి కదమ్మా."

ఒంట్లో నీరు తీసే లాసిక్స్, గుండెకు ఎనలాప్రిల్ మొదలయ్యాయి. ఉప్పు బంద్. వదిన కూడా చెల్లెలితో పాటు చప్పిడి కూడే తింది. ఒక పెళ్ళిలో సరోజ ఆవకాయ తిన్నందుకు మళ్ళీ వాపొచ్చి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. ఆ తర్వాత మెల్లగా తేరుకుంది.

ఇప్పుడు 2009. గుండె కొంత మెరుగైంది, పూర్తిగా కాదు. గడ్డ మళ్ళీ కనిపించలేదు. కూరగాయలకు తనే వెళుతుంది, సంచి నేను మోస్తాను. ప్రతి చెకప్‌కీ గుండె రిపోర్టొకటి, గడ్డ రిపోర్టొకటి, రెండు కవర్లు వస్తాయి. రెండూ విప్పేదాకా నాకు అన్నం సహించదు.

కీమో తీసుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే తిన్నావా అని ఎటూ అడుగుతాం. ఎట్లా పడుకున్నావని కూడా అడగండి. దిండు ఎక్కువైతే, పాదం వాస్తే, తర్వాతి కోర్సు దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మీ మనిషి వద్దన్నా చెప్పండి.