పొట్లాలు తిరగేసి చదివే ఇల్లు

మా ఇంట్లో ఏ సరుకూ ముందువైపు చూసి కొనం. బిస్కెట్ పొట్లమైనా, పెరుగు డబ్బా అయినా, దగ్గు మందైనా, చేతిలోకి తీసుకున్న వెంటనే తిరగేస్తాం. వెనక చిన్న అక్షరాల్లో ఏమేం కలిపారో పూర్తిగా చదివాకే అది బుట్టలో పడుతుంది. బ్రెమెన్‌లో మేముండే వీధి చివర సూపర్ మార్కెట్‌లో మా ఆయన అలా నిలబడి చదువుతుంటే, వెనకున్నవాళ్ళు ఏమీ అనకుండా ట్రాలీ పక్కకి తిప్పుకుని వెళ్ళడం నేర్చుకున్నారు. మా అమ్మాయికి జర్మన్ చదవడం వచ్చింది కూడా బడిలో కాదు, ఆయన చంకనెక్కి ఆ పొట్లాల మీదే. అది మొదటిసారి కూడబలుక్కుని చదివిన మాట ‘గెలటీన’. అంటే జెలటిన్, జంతువుల చర్మం నుంచీ ఎముకల నుంచీ తీసే జిగురు. ఇక్కడ ఎక్కువగా పందిది. పక్కింటి పిల్ల పుట్టినరోజున జెల్లీ మిఠాయి పంచితే మా అమ్మాయి దాన్ని వాళ్ళమ్మ చేతికే తిరిగిచ్చి, జర్మన్‌లో పెద్ద ఉపన్యాసం ఇచ్చి వచ్చిందట. ఆవిడ నాకు మెట్ల మీద కనిపించి క్షమాపణ చెప్పుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

నా ఉద్యోగమూ ఇదే బాపతు. ఒక సరుకు హలాల్ అని ఎవరు తేలుస్తారు, ఏం చూసి తేలుస్తారు, కొనేవాళ్ళు ఆ ముద్రను ఎందుకు నమ్ముతారు అన్నది యూనివర్సిటీలో మా పరిశోధన. కబేళాలకు వెళ్తాను. జిగురు తయారుచేసే కంపెనీలకు వెళ్తాను. ముద్ర వేసే సంస్థలవాళ్ళను కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతాను. పొద్దంతా అడిగి అడిగి ఇంటికొస్తే, మా ఆయన నన్ను అడగడానికి కాచుకుని ఉంటారు.

ఆయనది వరంగల్ వైపు, మాది గుంటూరు. పెళ్ళైన కొత్తలో నా ఉర్దూ విని అత్తగారింట్లో మూతులు దాచుకుని నవ్వారు. ఆయన ఉర్దూ మా నాన్నకు సగమే అర్థమైంది. అందుకని ఇద్దరం తెలుగులో స్థిరపడ్డాం. అందులోనూ ఆయన దారి ఆయనదే, నా దారి నాదే.

“గిది తినొచ్చా, తినొద్దా?” అని ఒక బిస్కెట్ పట్టుకుని అడుగుతారు.

“దాని మీద పండితులవి మూడు అభిప్రాయాలు ఉన్నాయండీ,” అంటాను.

“మూడు నాకెందుకే? నీదొక్కటి చెప్పు.”

“నాది లెక్కలోకి రాదు. నేను పరిశోధకురాలిని.”

“గట్లయితే నేను తినను తియ్,” అని బిస్కెట్ డబ్బాలో పడేస్తారు. నేను ఎన్ని అభిప్రాయాలు చెప్పినా ఆయన అందులో అన్నిటికన్నా కఠినమైనదే ఏరుకునేవారు. అది భయం వల్ల కాదు. అనుమానం ఉన్నచోట చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆయనకు హాయి. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఒకసారి నోరు జారి, తేటగా కనిపించే ఆపిల్ రసాన్ని కొందరు గెలటీన్‌తో తేర్చుతారనీ, చివర్లో అది రసంలో మిగలదు కాబట్టి సీసా మీద రాయరనీ చెప్పాను. ఆయన లేచి వెళ్ళి ఫ్రిజ్‌లోని సీసా తీసి సింకులో వంపేశారు. ఇంకోసారి రొట్టె పిండి మెత్తబడ్డానికి కలిపే ఒక పదార్థాన్ని పక్షి ఈకల నుంచీ, ఒక్కోచోట పంది వెంట్రుకల నుంచీ తీస్తారని చెప్పాను. ఆ వారం నుంచి బేకరీ రొట్టె బంద్. చపాతీలు ఆయనే ఒత్తడం మొదలుపెట్టారు. వాటిని నమలడానికి నాకూ పిల్లకూ దవడలు నొప్పి పుట్టేవి. అప్పటి నుంచి ఆఫీసులో తెలిసిన సంగతులు ఆఫీసులోనే వదిలి రావడం మంచిదని గట్టిగా అనుకున్నాను.

ఇలా ఉండగా, ఒక వసంతంలో, వేజర్ నది మీద వంతెన ఎక్కుతూ ఆయన సైకిల్ దిగిపోయారు. రోజూ ఆఫీసుకు వెళ్ళే దారే. దిగి, కమ్మీ పట్టుకుని నిలబడి, నాకు ఫోన్ చేశారు. “ఏం లేదు, జర దమ్ము తీసుకుంటున్న,” అన్నారు. ఆ గొంతులో దమ్ము లేదు. ఇంటి డాక్టర్ గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె డాక్టర్ దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికి వారాలు పట్టింది. ఆవిడ చెప్పింది సూటిగానే చెప్పింది. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే కవాటం బాగా మూసుకుపోయింది. మార్చాలి. మార్చకుండా వదిలేస్తే ఆ గుండె ఎక్కువకాలం లాగలేదు. ఇంటికొచ్చే ట్రామ్‌లో ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. మా అమ్మాయికి ఏమని చెప్పాలో నాకు తోచలేదు.

సర్జన్ బల్ల మీద రెండు నమూనాలు పెట్టాడు. ఒకటి జంతువు కణజాలంతో చేసింది. పందిదీ ఉంటుంది, ఆవుదీ ఉంటుంది. రెండోది కార్బన్‌తో చేసింది. దాంట్లో ఏ జంతువుదీ ఉండదు. కాకపోతే దాన్ని పెట్టించుకుంటే రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు మింగాలి. మా ఆయన విమానాల ఫ్యాక్టరీలో ఇంజినీరు, కార్బన్ రెక్కల దగ్గరే పని. ఆ నల్లటి బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పి చూసి, చాలా వారాల తర్వాత మొదటిసారి నవ్వారు.

“గిది మా సరుకే గదా!” అన్నారు నాతో తెలుగులో. “విమానాన్ని మోసింది నన్ను మొయ్యదా?”

ఇంటికి వెళ్ళే దారి పొడుగునా అదే సంబరం. పందీ లేదు, ఆవూ లేదు, మూడు అభిప్రాయాలూ లేవు అని నన్ను వెక్కిరించారు. నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే మా ప్రాజెక్టులో మందుల అధ్యాయం నాది. గుండె ఆపరేషన్‌లో గుండెను కాసేపు ఆపి రక్తాన్ని ఒక యంత్రంలోంచి తిప్పుతారు. అది గొట్టాల్లో గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఇస్తారు. ఆపరేషన్ అయ్యాక కూడా, మాత్రలు పనిచెయ్యడం మొదలయ్యే దాకా, అదే మందు సన్నగా ఎక్కిస్తూ ఉంటారు. దాన్ని తీసేది పంది పేగుల లోపలి పొర నుంచి. ఆ మందు ఒంటికి పడనివాళ్ళ కోసం ఇంకోటి ఉంది కానీ, దాన్ని అదుపులో పెట్టడం కష్టం. పడేవాళ్ళకు ఎవరూ ఇవ్వరు. ఇవన్నీ నేను మనుషుల్ని అడిగి తెలుసుకుని రాసినవే. ఆ అధ్యాయం చివర, వాడేవాళ్ళకు తాము వాడేది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు ఉందని రాశాను. ఎంత తేలిగ్గా రాశానో! రాసేటప్పుడు ఆ వాడే మనిషికి ముఖం లేదు.

నా భయం ఒక్కటే. చెప్తే ఆయన ఆగుదామంటారు. ఇంకో మందు ఉన్న ఆస్పత్రి వెతుకుదామంటారు, ఇంకొక ఆలిమ్‌ను, మత పండితుణ్ణి, అడుగుదామంటారు. ఈలోగా ఏదో ఒక రోజు, ఏదో ఒక వంతెన మీద, ఫోన్ చేసే వ్యవధి కూడా ఉండదు. ధర్మశాస్త్రం ఈ విషయంలో ఎంత మెత్తనిదో నాకు తెలుసు. ప్రాణాపాయంలో నిషేధం సడలుతుందన్నది అందరూ ఒప్పుకునే మాట. కానీ నేను కాపురం చేస్తున్నది శాస్త్రంతో కాదు, సీసా సింకులో వంపేసే మనిషితో.

ఆపరేషన్‌కు ముందు ఇక్కడ ‘ఆఫ్‌క్లేరుంగ్’ అని ఒకటి ఉంటుంది. డాక్టర్ ఎదురుగా కూర్చుని, ఏం చేస్తారో, ఏమేం జరగొచ్చో అంతా వివరించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. ఆ రోజు వచ్చింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఓపిగ్గా, నెమ్మదిగా చెప్పింది. ఆయనకు ఫ్యాక్టరీ జర్మన్ వచ్చు, ఆస్పత్రి జర్మన్ రాదు. నేను తెలుగులో చెప్తూ పోయాను. రక్తం పలచబడ్డానికి మందు ఇస్తారంటే, దాని పేరుతో సహా చెప్పాను. ఆయన తలూపారు. కలం తీసుకున్నారు. తీసుకుని ఆగారు.

“ఒక్కటి అడుగు,” అన్నారు. “ఈ మందులల్ల పందిది ఏమన్న ఉన్నదా?”

డాక్టరమ్మ నా వైపు చూసింది, ఆయన ఏమడిగారో చెప్తానని. ఆ గదిలో రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆమెను ఇంకేదో అడిగి, ఆమె ఇంకేదో చెప్తే, లేదటండీ అని ఈయనతో అనొచ్చు. సంతకం అయిపోతుంది. ఎల్లుండి ఆపరేషన్ అయిపోతుంది. మనిషి నాకు మిగులుతాడు. ఈ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. నాలుక దాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళుగా మార్కెట్‌లో నా చేతి పొట్లాన్ని మాత్రం ఆయన ఎప్పుడూ తిరగేసి చూడలేదు. అది గుర్తొచ్చింది. డాక్టరమ్మతో కొద్ది నిమిషాలు బయట మాట్లాడుకుని వస్తామని చెప్పి, ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళాను.

కిటికీ పక్కన కుర్చీల్లో కూర్చున్నాక ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నారు.

“ఎప్పటిసంది ఎర్క నీకు?”

“ఆ కార్బన్ బిళ్ళ చూసి మీరు నవ్విన రోజు నుంచీ.”

“మరి చెప్పలే.”

నాకు కోపం ముంచుకొచ్చింది. “చెప్తే మీరేం చేస్తారో నాకు తెలుసు కాబట్టి! జ్యూస్ పారబోశారు. రొట్టె మానేశారు. పిల్ల చేతిలో మిఠాయి కూడా తిరిగిచ్చేసేలా చేశారు. ఇక ఇదొక్కటి మిగిలిందిగా!” అన్నాను. తెలుగులోనే అన్నా, వరండాలో ఉన్న ముసలాయన ఒకరు పేపర్ దించి చూశాడు.

“గుండె ఆపరేషన్‌ను సుత సింకులో వంపేస్త అనుకున్నవా?” అన్నారు ఆయన మెల్లగా.

నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. “చూడండి, ఒక అభిప్రాయం ప్రకారం వస్తువు పూర్తిగా రూపం మారిపోతే... ఇంకో అభిప్రాయం ప్రకారం...”

ఆయన చెయ్యెత్తి ఆపారు.

“గవన్ని నాకెర్కే. పానం మీదికొస్తే మాఫీ ఉన్నదని మా నాయన సుత చెప్పిండు. నేనడిగేది గది కాదు. నువ్వేమంటవ్?”

“నేను...”

“యూనివర్సిటీల ఉద్యోగం చేసే ఆమె కాదు. నువ్వు.”

ఇన్నేళ్ళ కాపురంలో, బిస్కెట్ దగ్గర నుంచి ఆయన అడుగుతూ వచ్చిన ప్రశ్నే ఇది. ప్రతిసారీ ముగ్గురు నలుగురు పండితుల వెనక నిలబడి తప్పించుకున్నాను. అది మా పనిలో మర్యాద. ఆ రోజు నా ముందు ఎవరూ నిలబడలేదు.

“తీసుకోండి,” అన్నాను. “నాకు మీరు కావాలి. రేపు అల్లా ముందు దానికి జవాబు చెప్పాల్సి వస్తే, తీసుకోమన్నది నేనేనని పక్కన నిలబడి చెప్తాను.”

ఆయన నా చున్నీ కొసతో నా చెంపలు తుడిచి, “ఒక్క మాట చెప్పనీకి ఇంత కాలం పట్టె నీకు,” అని లేచారు. లోపలికి వెళ్ళి సంతకం పెట్టారు.

ఆపరేషన్ రోజు గురించి నాకు పెద్దగా గుర్తు లేదు. మా అమ్మాయి నా పక్కన కూర్చుని గోడ మీది పోస్టర్లన్నీ పైకి చదివింది. నేను వద్దనలేదు. ఆ గొంతు వినిపిస్తూ ఉంటే చాలనిపించింది. సాయంత్రానికి సర్జన్ వచ్చి, అంతా సవ్యంగా జరిగిందని చెప్పి, నాతో చెయ్యి కలిపి వెళ్ళాడు.

మర్నాడు నన్నొక్కదాన్నే లోపలికి పంపారు. నోట్లో గొట్టం తీసేశారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. దగ్గరికి వంగితే ఆయన ఛాతీలోంచి సన్నగా, చేతి గడియారంలా చప్పుడు. అది ఆ కార్బన్ బిళ్ళదని అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది. మంచం పక్కన కమ్మీకి ఒక పంపు, అందులో పెద్ద సిరంజి, దాని నుంచి ఆయన మెడ దాకా సన్నటి ట్యూబు. సిరంజి మీద అంటించిన చీటీ అటువైపు తిరిగి ఉంది.

ఆయన కళ్ళు నా మీద నుంచి ఆ సిరంజి మీదికి వెళ్ళాయి. దుప్పటి మీద వేలు కొద్దిగా కదిలింది. మార్కెట్‌లో చేసే సైగే అది. తిరగేసి చూడమని.

“ఏం రాసున్నది?” అన్నారు. గొంతు సరిగా రాలేదు.

చెప్పకపోతే మళ్ళీ అడిగే ఓపిక ఆయనకు లేదు. అయినా నేను మంచం చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళాను. వంగి, చీటీ మీది మాటలన్నీ వరసగా, నెమ్మదిగా, ఎప్పుడూ ఇంట్లో చదివినట్టే చదివాను. చివరికి పేరు చదివాను. హెపారిన్.

ఆయన విన్నారు. తలూపారు. తర్వాత, అన్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగి, అల్లా పేరు తలుచుకుంటూ అనే మాట, పిల్లకు మాటలు రాకముందే నేర్పిన మాట, ఎండిన పెదవులతో అన్నారు.

“బిస్మిల్లా.”

నేనూ అన్నాను.